కిమిడిలో కాంపోజిషన్ క్లాసు

తొమ్మిదో తరగతి దాకా మాకు వ్యాసం అంటే గైడ్‌లోంచి దించుకోవడమే. దాన్నెవరూ తప్పుగా చూసేవారు కాదు, బడి నడిచే తీరే అది. ఉపోద్ఘాతం, విషయ వివరణ, ముగింపు అని మూడు సైడ్ హెడ్డింగులు. ఒక్కోదాని కింద స్కేలు పెట్టి గీత. "నేటి ఆధునిక యుగంలో" అని బయలుదేరితే "మనమందరం పాటుపడాలి" దగ్గర ఆగేది. మధ్యలో వరదలుంటాయా, గ్రంథాలయాలుంటాయా అన్నది ఆ వారం బోర్డు మీద ఏం రాశారన్న దాన్ని బట్టి ఉండేది.

మాది పర్లాకిమిడి, మా నోట్లో కిమిడి, ఒడిశాలో గజపతి జిల్లా ముఖ్య పట్టణం. ఊరు దాటి కాస్త ముందుకెళ్తే పాతపట్నం, అది శ్రీకాకుళం జిల్లా. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ఏర్పడినప్పుడు ఊరు ఇటొచ్చింది, చుట్టాల్లో సగం మంది అటుండిపోయారు. ఇంట్లో తెలుగు, బజార్లో రెండూ, ఆఫీసుల్లో ఒడియా. తెలుగు మీడియం పిల్లలకి పుస్తకాలున్నాయి గానీ, మా బడి దాకా వచ్చేసరికి ఏడాదిలో చాలా భాగం అయిపోయేది. పాతపట్నంలో ఆంధ్రా గైడ్లు దొరికేవి. సిలబస్ వేరు కాబట్టి అందులో పాఠాలు మాకు పనికిరావు, వెనకాల ఉన్న వ్యాసాలు మాత్రం పనికొచ్చేవి. అంత లావు పుస్తకాన్ని ఆ కొసనున్న కొన్ని పేజీల కోసం కొనేవాళ్లం. అక్క కొన్నది చెల్లికి, చెల్లి నుంచి పక్కింటివాళ్లకి. నా చేతికొచ్చిన గైడ్‌లో "నా అభిమాన నాయకుడు" పేజీ చిరిగిపోయి ఉండేది. ఆ అంశం వస్తే నాకు ఎక్కడలేని టెన్షన్.

తొమ్మిదిలో మాకు కొత్త తెలుగు మేస్టారు వచ్చారు. గుణుపురం మనిషి. పేరు రాస్తే ఆయనకి నచ్చదు, అందుకని రాయను. గొంతు పెద్దది కాదు, బెత్తం ముట్టుకునేవారు కాదు, కానీ ఎర్ర పెన్నుతో మార్జిన్‌లో రెండే రెండు మాటలు రాసేవారు: "ఎవరన్నారు?" ఒకటి, "అయితే?" రెండోది. ఈ రెండు ప్రశ్నలకి జవాబు చెప్పలేక మా క్లాసంతా ఏడాది పాటు గింజుకుంది.

ఆయన వచ్చాక మొదటి వ్యాసం ఆగస్టులో పడింది. తెలుగు భాషా దినోత్సవం కదా, గిడుగు గారి మీద రాసుకు రమ్మన్నారు. రాసుకొచ్చాం. ఆయన మార్కులేం వెయ్యలేదు. బల్ల మీద కట్టలా పేర్చిన నోటుపుస్తకాలు ఒక్కొక్కటీ తీసి మొదటి వాక్యం మాత్రం పైకి చదివారు. వ్యావహారిక భాషోద్యమ పిడుగు గిడుగు వేంకట రామమూర్తి పంతులు గారు 1863 ఆగస్టు 29న శ్రీకాకుళం జిల్లా పర్వతాలపేటలో జన్మించిరి. తర్వాత పుస్తకం, అదే వాక్యం. ఆ తర్వాతదీ అదే. కొన్నయ్యాక మేమే నవ్వడం మొదలుపెట్టాం. వాడుక భాష కోసం జీవితమంతా పోట్లాడిన మనిషి గురించి క్లాసు మొత్తం గ్రాంథికంలో కంఠతా పట్టి రాసింది.

"సరే, ఆయన పాఠాలు ఎక్కడ చెప్పారు?" అని అడిగారు మేస్టారు. ఎవరూ చెయ్యి ఎత్తలేదు. గైడ్‌లో ఆ వాక్యం ఉందో లేదో కూడా మాకు గుర్తులేదు. అప్పుడు చెప్పారు. 1880లో ఇక్కడే, మన కిమిడిలోనే, రాజావారి స్కూల్లో టీచరుగా చేరి ముప్పై ఏళ్లు పని చేశారని. మన చుట్టూ కొండల మీద ఉండే సవరల భాష నేర్చుకుని, దాంట్లో వాచకాలు రాశారని. ఇంకో సంగతి కూడా చెప్పారు, అది ఏ గైడ్‌లోనూ అంత సూటిగా చూడలేదు నేను. 1910 తర్వాత మద్రాసు ప్రెసిడెన్సీలో జరిగిన పెద్ద భాషా యుద్ధానికి మూలం మా కాంపోజిషన్ పీరియడే. పరీక్షలో పిల్లలు తెలుగు వ్యాసం గ్రాంథికంలోనే రాయాలా, వాడుక భాషలో రాస్తే ఒప్పుకోవాలా అన్నదే గొడవ. గ్రాంథికం వైపు జయంతి రామయ్య పంతులు గారు, వాడుక భాష వైపు గిడుగు, గురజాడ. మద్రాసు విశ్వవిద్యాలయం ఈ విషయం మీద వేసిన ఉపసంఘంలో గురజాడ సభ్యుడు. మిగతావాళ్ల నిర్ణయం ఒప్పుకోకుండా 1914లో తన అసమ్మతిని పెద్ద పత్రంగా రాసి ఇచ్చారు. "అంటే మీరు తొమ్మిదో తరగతిలో మీ మాటలతో వ్యాసం రాయొచ్చా లేదా అని అంత పెద్దవాళ్లు కొట్టుకున్నారు. రాయొచ్చని తేలాక మీరు దించుతున్నారు" అన్నారు. తిట్టినట్టు కూడా అనలేదు.

1936లో కిమిడి ఒడిశాలోకి వెళ్లడం ఇష్టం లేక గిడుగు గారు ఊరొదిలి రాజమండ్రి వెళ్లిపోయారని చెప్పినప్పుడు వెనక బెంచీ కుర్రాడొకడు లేచాడు. "ఆయనెళ్లిపోయారు, మరి మా తాతోళ్లు ఎల్లలేదు కదా సార్. ఎవలు సేసింది రైటు?"

క్లాసు రెండుగా చీలింది. అరుపులు. పక్క గదిలో లెక్కల సార్ తలుపు దాకా వచ్చి చూసి వెళ్లారు. మేస్టారు మమ్మల్ని కాసేపు అరవనిచ్చి, "ఇదీ వ్యాసం. ఇంటికెళ్లి పెద్దవాళ్లని అడిగి రాసుకు రండి" అన్నారు. మా మామ్మని అడిగితే ఆవిడ కూర తరుగుతూ, "పొలం ఇక్కడుంటే ఎక్కడికి పోతామే" అంది. ఆ ఒక్క వాక్యం పట్టుకుని రెండు పేజీలు రాశాను. మార్జిన్‌లో "ఎవరన్నారు?" పడకుండా తిరిగొచ్చిన మొదటి పేరా అందులోదే. ఎవరన్నారో రాశాను కాబట్టి.

అసలు వివరంగా నేర్చుకున్నది మాత్రం దసరా సెలవుల తర్వాత, కొమ్ము పని మీద రాసిన వ్యాసంతో. ఆ ఒక్క వ్యాసాన్ని వారాల తరబడి మళ్లీ మళ్లీ రాయించారు. చెప్పదగ్గది అదే గనక తక్కినవి వదిలేస్తాను.

ఇచ్చిన అంశం "చేతివృత్తులు". మేస్టారి మొదటి షరతు: అంశాన్ని అలాగే రాయకూడదు, దాన్ని ప్రశ్నగా మార్చాలి. ప్రశ్న కూడా మన కాళ్లు నడిచి వెళ్లగలిగినంత దూరంలో ఉండాలి. భారతదేశపు చేతివృత్తుల గురించి తొమ్మిదో తరగతి పిల్లకి ఏం తెలుస్తుంది? కానీ పర్లాకిమిడిలో ఆవు కొమ్ములు, గేదె కొమ్ములతో దువ్వెనలూ కొంగలూ రొయ్యలూ చేసేవాళ్లున్నారు. ఊరికి పేరే అది. కాబట్టి నా ప్రశ్న, "మా ఊళ్లో కొమ్ము పని నిలబడాలంటే ఏం కావాలి?"

రెండో షరతు నోట్సు గురించి. మూడు పేజీలు విడిగా పెట్టమన్నారు. కళ్లతో చూసింది ఒక పేజీ, ఎవరైనా చెప్పగా విన్నది ఒక పేజీ, మనకి అనిపించింది ఇంకో పేజీ. ఈ మూడూ కలిపేస్తే వ్యాసం పాడైనట్టే అనేవారు. ఇది విన్నప్పుడు చాదస్తం అనిపించింది. ఇప్పటికీ నేను ఏం రాసినా కాగితాన్ని అలాగే విడదీస్తాను.

అన్నయ్యని తోడు తీసుకుని కొమ్ము పని చేసే మవుసా (ఒడియాలో బాబాయి అన్నట్టు) దగ్గరికి వెళ్లాను. మహారణా వాళ్లు, ఇంట్లో ఒడియా, మాతో తెలుగే. ఇంటి ముందు గదే పనిచోటు. లోపలికి అడుగు పెట్టగానే వెంట్రుకలు కాలిన వాసన. ఎందుకో తర్వాత సైన్స్ మేడమ్ చెప్పారు: కొమ్ములోనూ వెంట్రుకలోనూ గోళ్లలోనూ ఉండేది ఒకటే పదార్థం, కెరటిన్. మవుసా రంపంతో కొలత ప్రకారం కోసిన ముక్కకి కొబ్బరినూనె రాసి నిప్పుల మీద తిప్పుతూ కాచారు. కాస్త మెత్తబడగానే చటుక్కున తీసి అదిమి పట్టారు. వంకర ముక్క నా కళ్ల ముందే చదునైంది. "తొందరపడితే పగిలిపోద్ది మా, చల్లారిపోతే వంగదు" అన్నారు. తర్వాత సన్న రంపంతో పళ్లు కొయ్యడం, ఆకురాయితో గరుకు తియ్యడం, రుద్ది రుద్ది మెరుపు తెప్పించడం. రొయ్య మీసాలు చేసినప్పుడైతే ఊపిరి బిగబట్టి చూశాను. అంత లావు కొమ్ములోంచి దారమంత సన్నటి మీసం వచ్చింది.

చూసిన పేజీ ఒక్క పూటలో నిండింది. విన్న పేజీలో మవుసా చెప్పినవి: మంచి కొమ్ము దొరకడం కష్టమవుతోంది, కొడుకులిద్దరూ ఈ పనిలోకి రాలేదు, దువ్వెనలు కొనేవాళ్లు తగ్గి బొమ్మలు కొనేవాళ్లు మిగిలారు. అనిపించిన పేజీలో ఏముంది? "ప్రభుత్వం ఆదుకోవాలి." అంతే. గైడ్ అలవాటు అంత తొందరగా పోదు.

మేస్టారు ఆ మూడో పేజీ చూసి "అయితే?" అని రాశారు. ప్రభుత్వం ఏం చెయ్యాలి, కొమ్ము కొనిపెట్టాలా, కొడుకుల్ని పట్టుకొచ్చి కూర్చోబెట్టాలా? తర్వాత ఒక పని చెప్పారు. మొత్తం వ్యాసం ఏమంటుందో ఒకే ఒక్క వాక్యంలో రాయాలి, అందులో "ఎందుకంటే" ఉండి తీరాలి, పక్కనున్నవాళ్లు "కాదు" అనగలిగేట్టు ఉండాలి. అందరూ తలూపే వాక్యమైతే దాన్ని నిరూపించడానికి వ్యాసం ఎందుకు? ఈ వాక్యం దగ్గరే అందరం ఎక్కువ కష్టపడ్డాం. "చేతివృత్తులు మన సంపద" కి ఎవరూ కాదనరు, కొట్టేశారు. "కొమ్ము పని గొప్పది" కొట్టేశారు. చివరికి నాది ఇలా తేలింది: కొమ్ము దువ్వెనని మర్చిపోయి బొమ్మల మీదే ఆధారపడితే ఈ పని నిలబడుతుంది, ఎందుకంటే దువ్వెనలో ప్లాస్టిక్‌తో గెలవలేం గానీ ఆ రొయ్య మీసం మిషన్ తియ్యలేదు.

నా పక్కన కూర్చునే అమ్మాయి వెంటనే కాదంది. వాళ్ల నాన్నకి బజార్లో ఫ్యాన్సీ షాపుంది, ధరలు దానికి బాగా తెలుసు. "బొమ్మ ఎవరు కొంటారే? కొన్నవాళ్లు మళ్లీ కొంటారా? దువ్వెనైతే ఇరిగిపోతే ఇంకోటి కొంటారు." నాకు ఒళ్లు మండింది. మేస్టారి దగ్గరికి వెళ్లి, ఇది ఇలా అంటోంది సార్ అని ఫిర్యాదు చేశాను. "మంచి మాటే అంది. అది కూడా రాయమ్మా. దాచేస్తే చదివేవాళ్లు అదే అడుగుతారు, అప్పుడు జవాబు చెప్పడానికి నువ్వు అక్కడ ఉండవు" అన్నారు. దాని మాట ఒక పేరా అయింది. జవాబుగా ఇంకో పేరా: ఒకే మనిషి మళ్లీ కొనకపోయినా, పెళ్లిళ్లకీ ఆఫీసులో పెద్దవాళ్లకీ ఇవ్వడానికి కొత్తవాళ్లు వస్తూనే ఉంటారని. ఆ జవాబు మరీ గట్టిదేం కాదు, నాకూ తెలుసు. కానీ ఎదుటి మాట లేనప్పటి కంటే ఉన్నాకే వ్యాసం బలపడింది. పోట్లాట వాసన లేని వ్యాసం చదవబుద్ధి కాదని నా అభిప్రాయం, ఎవరేమనుకున్నా సరే.

తర్వాత వరస. నోట్సులో ముఖ్యమైన సంగతులు చిన్న చిన్న కాగితం ముక్కల మీద రాసి బెంచీ మీద పరిచి జరిపి చూడమన్నారు. ఫ్యాన్ వేస్తే ఎగిరిపోతున్నాయని ఆ పీరియడంతా ఫ్యాన్లు ఆపేసి చెమటలు కక్కుకుంటూ కూర్చున్నాం. నేను మొదట ఊరి చరిత్ర, రాజావారు, కొమ్ము పని పుట్టుక, అలా కాలక్రమంలో పెట్టాను. అలా పెడితే రొయ్య మీసం నాలుగో పేజీలో వస్తోంది. అప్పటిదాకా ఎవరు చదువుతారు? దాన్ని ముందుకి లాగాను. చరిత్ర రెండు వాక్యాలకి తగ్గి మధ్యలో ఒక పేరాలో సర్దుకుంది.

పేరాల సంగతి కూడా ఇక్కడే తెలిసింది. అంతకుముందు పేజీ మరీ నిండుగా కనిపిస్తే పేరా మార్చేవాళ్లం. ఈయన ప్రతి పేరా పక్కన మార్జిన్‌లో ఆ పేరా చేస్తున్న పనిని పెన్సిల్‌తో రాయమన్నారు: "పని చూపించడం", "ఇబ్బంది చెప్పడం", "ఎదుటి మాట", "జవాబు". రెండు పేరాల పక్కన ఒకటే మాట పడితే కలిపెయ్యాలి. ఏం రాయాలో తోచకపోతే ఆ పేరా తీసెయ్యాలి. నా వ్యాసంలో కొమ్ము పని అందం గురించి ఒక పేరా ఉండేది, నాకు చాలా ఇష్టమైంది. దాని పక్కన ఏం రాయాలో తెలియక పెన్సిల్ నమిలి నమిలి చివరికి కొట్టేశాను. అందంగా ఉందని విడిగా చెప్పక్కర్లేదు, మీసం తీసిన తీరు చెబితే చాలు.

భాష విషయంలో ఆయన పద్ధతి మాలాంటి ఊళ్లకి సరిపోయింది. మొదటి ప్రతి ఇంట్లో మాట్లాడుకునేట్టే రాయనిచ్చేవారు. ఒడియా మాటలు దొర్లినా పట్టించుకునేవారు కాదు. మాట కోసం ఆగితే ఆలోచన పారిపోతుంది, ముందు ఆలోచనని పట్టుకోండి అనేవారు. సాపు ప్రతిలో మాత్రం శ్రీకాకుళం పిల్లకీ హైదరాబాదు పిల్లకీ అర్థమయ్యే తెలుగు. ఒక్క మినహాయింపు: మనుషులు అన్న మాటలు వాళ్లన్నట్టే ఉంచాలి. మవుసా "పగిలిపోద్ది మా" అన్నారు కాబట్టి అలాగే ఉంది. ఒక టీచర్ దీనికి ఒప్పుకోలేదు. పరీక్షలో ఇలా రాస్తే మార్కులు పోతాయని స్టాఫ్ రూమ్‌లో గట్టిగానే అన్నారట. వందేళ్ల కిందటి గొడవ మా స్టాఫ్ రూమ్‌లో ఇంకా అయిపోలేదన్నమాట.

ఇక పైకి చదవడం. మన వ్యాసం మనం చదవకూడదు, పక్కవాళ్లు చదవాలి, మనం వింటూ వాళ్లెక్కడ తడబడ్డారో గీత పెట్టుకోవాలి. ఫ్యాన్సీ షాపు అమ్మాయి నాది చదివింది. దాని గొంతు పొడవాటి వాక్యాల్లో సగానికే ఆగిపోయేది. "అందువలన", "మరియు" ఉన్న ప్రతిచోటా నత్తి వచ్చినట్టయింది. "మరియు" లన్నీ పీకేశాను. ఆశ్చర్యంగా ఒక్కటీ అవసరం పడలేదు. తెలుగులో ఎవరైనా నోటితో "మరియు" అంటారా?

మొదటి పేరా అన్నిటికంటే చివర రాయించారు. వ్యాసం ఎక్కడికి వెళ్తుందో తెలియకుండా గుమ్మం దగ్గరే నిలబడి ఉపన్యాసం ఇవ్వడం ఎందుకని. నాది "గదిలోకి అడుగు పెట్టగానే వెంట్రుకలు కాలిన వాసన వచ్చింది" అని మొదలైంది. "నేటి ఆధునిక యుగంలో" దానికి ఎక్కడా చోటు దొరకలేదు.

పదిలో అన్నీ మారాయి. మెట్రిక్ దగ్గరపడింది, కటక్ బోర్డు పేపరు, గడియారం. వారాల తరబడి తిరగరాసే పని అరగంటలోకి ఎలా కుదించాలి? దీనికి మేస్టారు కొత్త సూత్రాలేం చెప్పలేదు, ఉన్నవే చిన్నవి చేశారు. ప్రశ్నపత్రం చూడగానే అంశాన్ని ప్రశ్నగా మార్చు. "ఎందుకంటే" వాక్యం రఫ్ పేజీలో రాయి. నాలుగు పేరాలకి నాలుగు మాటలు రాసుకో. ఎదుటి మాట ఒకటి ఉండాలి. అప్పుడు పెన్ను పెట్టు. ఈ ప్లానుకి అయిదారు నిమిషాలు పోతే భయపడొద్దు, మిగతా టైమ్‌లో ఆగకుండా రాస్తావు అనేవారు. సైడ్ హెడ్డింగులు మాత్రం పెట్టమన్నారు. దిద్దేవాళ్ల ముందు కట్టలు కట్టలు ఉంటాయి, వాళ్ల కంటికి దారి చూపించడం మర్యాద అన్నారు. గైడ్‌ని కూడా పారెయ్యమనలేదు. తారీఖులకీ పేర్లకీ అక్షరదోషాలు సరిచూసుకోవడానికీ అది మంచిదే. నా చిరిగిన గైడ్ ఆ పనికి పరీక్ష ముందు రోజు దాకా పనికొచ్చింది.

ఇంగ్లీష్ ట్యూషన్‌లో ఇంకో లోకం. అక్కడ అయిదు పేరాల లెక్క: ముందు చెప్పబోయేది చెప్పు, మధ్యలో మూడు కారణాలు, చివర చెప్పిందే మళ్లీ చెప్పు. పరీక్షకి పనికొస్తుంది, కాదనను. కానీ ప్రతిదానికీ సరిగ్గా మూడు కారణాలే ఎందుకుంటాయో ఆ సార్‌ని అడిగితే "రాయి ముందు" అన్నారు.

పరీక్షలో ఇచ్చినవాటిలో నేను తుఫాన్ల మీద అంశం ఎంచుకున్నాను. గజపతి జిల్లా పిల్లకి అది వరమే. 2018 అక్టోబరులో తిత్లీ వచ్చినప్పుడు రోజుల తరబడి కరెంటు లేని ఇల్లు నాకు తెలుసు, మహేంద్రతనయ నది పొంగడం తెలుసు. నా ప్రశ్న, "తుఫాను హెచ్చరిక తీరంలో పనిచేసినంతగా కొండల్లో ఎందుకు పనిచెయ్యదు?" తీరంలో సముద్రం నుంచి దూరం జరిగితే చాలావరకు ప్రమాదం తప్పుతుంది, కొండల్లో వానకి ఏ చరియ విరుగుతుందో ముందు తెలియదు, తిత్లీ అప్పుడు మా జిల్లాలో చరియ విరిగిపడి మనుషులు పోయారు. ఎదుటి మాటగా, హెచ్చరిక వచ్చినా ఇల్లొదిలి రాని వాళ్లదే తప్పనే వాదన రాశాను. జవాబు దగ్గరికి వచ్చేసరికి మామ్మ మాట పనికొచ్చింది, పేరు చెప్పకుండా వాడుకున్నాను.

తెలుగులో మంచి మార్కులే వచ్చాయి. వ్యాసానికి విడిగా ఎన్ని వేశారో ఎలాగూ తెలియదు. ప్లస్ టూలో తెలుగు లేదు, ఒడియా తీసుకోవాల్సి వచ్చింది. గుండ్రటి అక్షరాలు చేతికి పూర్తిగా అలవాటు కాకముందే వ్యాసం రాయమన్నారు. అంశం బోర్డు మీద పడగానే రఫ్ పేజీ తెరిచి, ఆ "ఎందుకంటే" వాక్యం ముందు తెలుగులో రాసుకుని, తర్వాత ఒడియాలో మొదలుపెట్టాను. లెక్చరర్ దిద్ది ఇచ్చిన కాగితంలో అక్షరదోషాల గీతలు చాలానే ఉన్నాయి. పక్కన మాత్రం, ఎదుటి మాట రాసిన పేరా దగ్గర, టిక్కు పెట్టి "ఇది బాగుంది" అని ఒడియాలో రాశారు.